మూడోసారి అడగాల్సింది

క్యూ మర్ట్ ఇంటి గుమ్మంలో మొదలై, దూడల కొట్టం గోడ వెంబడి పాకి, గేటు దాటి రోడ్డెక్కింది. నేనింకా కొట్టం మలుపు దగ్గరే ఉన్నాను. ముందు ఎన్ని వీపులున్నాయో లెక్కపెడుతూ మధ్యలో తప్పాను, లెక్కల టీచర్నవుదామనుకున్నదానికి ఇది ఏ శకునమో. అన్నీ నల్లకోట్లే, ఆగస్టులో కూడా నల్లకోట్లే, ఐర్లండ్‌లో మా లీట్రిమ్ జిల్లాలో ఎండాకాలమంటే వాన కాస్త గోరువెచ్చగా పడడం. లోపల ముందుగదిలో మర్ట్ పడుకుని ఉన్నాడు, బతికుండగా ఏనాడూ దువ్వని తలని ఎవరో పాపిడి తీసి దువ్వి ఉంటారు, పాపిడి తియ్యడానికైనా మనిషి కదలకుండా ఉండాలి కదా, ఇప్పటికి కుదిరింది. పోయినవాడు నిద్రపోతుంటే ఉన్నవాళ్ళు మేలుకుని టీ తాగడాన్ని మేం వేక్ అంటాం. ఊరంతా వరసలో వచ్చి, శవపెట్టె పక్కన నిలబడ్డ బంధువులకి చెయ్యిచ్చి, 'మీకొచ్చిన కష్టానికి బాధగా ఉంది' అని, పెట్టెలో ఉన్నవాడి చెయ్యి ముట్టుకుని, వంటింటి దారి పట్టాలి. ఇవాళ అందరూ చెయ్యిచ్చేవాళ్ళే. మర్ట్ ఒక్కడే నాకు మంగళవారమే చెయ్యిచ్చేశాడు, గడ్డి పొలంలో, ట్రాక్టర్ ఇంజనైనా ఆపకుండా. మా అమ్మ తరఫు దూరపు చుట్టం, పెళ్ళి చేసుకోలేదు, కోళ్ళని మాత్రం పేరుపెట్టి పిలిచేవాడు. దూడల దాణా సంచి ముక్కలో చుట్టి, గడ్డిమోపులకి కట్టే నీలం తాడుతో బిగించిన నోట్ల కట్ట ఒకటి ఆ ఇంట్లో ఎక్కడో ఉంది, లేదా ఉండేది. అది నాది, లేదా నాదయ్యేది. శుక్రవారం లోపు అది నా చేతికి రాకపోతే వేల్స్‌లో నా పేరున ఆపి ఉంచిన గది ఇంకొకరికి పోతుంది, గది లేకపోతే కాలేజీలో సీటున్నా లేనట్టే. ఈ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు క్యూలో ఉన్నారు, ఒకరు పెట్టెలో ఉన్నారు.

"పాపం, పోయినవారం కూడా బాగానే ఉన్నాడు," అంటాడు వెనకనుంచి జార్లత్.

"పోయినవారం అతను, పోయేవారం మనం," అంటాను.

జార్లత్‌కి నవ్వు రావడానికి ఎప్పుడూ కాస్త టైము పడుతుంది, రెండడుగులు కదిలాక వెనక నుంచి వినిపిస్తుంది, పాత కారు స్టార్టయినట్టు. మంచివాడు. ఆ మాట ఒప్పుకోవడం ఇవాళ నాకు చాలా కష్టంగా ఉంది. పొరుగు పొలంవాడు, మర్ట్‌ని పొలంలో చూసిందీ అతనే, ఇంజను ఆపిందీ అతనే, ప్రీస్టుకి ఫోన్ చేసిందీ అతనే, ఇంత చేసిన మనిషిని చూస్తుంటే నాకు మెడ పట్టుకోవాలనిపిస్తోంది, నా మెడ కాదు. క్యూ కదిలింది, కొట్టం గోడకి కొత్తగా సున్నం వేశారు, తడి ఆరలేదు, మర్ట్ బతికున్నంత కాలం ఆ గోడ పచ్చగా నాచుపట్టే ఉంది. మనిషి పోయాక ఇల్లు శుభ్రం చెయ్యడం మా ఆచారం, ఊరు చూడడానికి వస్తుందిగా. కిటికీలు కడుగుతారు, కర్టెన్లు మారుస్తారు, అరలు ఖాళీ చేస్తారు. అరలు. ఆ కట్ట అరలో పెట్టాడా, పళ్ళేల వెనక పెట్టాడా, అతను దాన్ని బయటికి తీసిన సాయంత్రం నేను చూడలేదు, చూస్తే ఆశపడ్డట్టు ఉంటుందని కిటికీలోంచి కోళ్ళని చూశాను.

వేల్స్‌కి పోవాలంటే వేలు కావాలి, నేనే వేసుకున్న జోకు ఇది, స్టాఫ్ రూములో బాగానే పేలింది, తర్వాత నా మీదే పేలింది. టీచర్ చదువు ఇక్కడయితే రెండేళ్ళు, అక్కడ ఒక్క ఏడాది, నా వయసులో ఏడాదంటే చిన్న విషయం కాదు, మిగిలినవాటిలోంచి తీసి ఇవ్వాలి. ఇక్కడి ప్రభుత్వం గ్రాంటిస్తుంది, కానీ దానికి ఈత రాదు, సముద్రం ఒడ్డుదాకా వచ్చి చెప్పులు విప్పి కూచుంటుంది. అక్కడివాళ్ళు ఫీజు వరకు అప్పుగా ఇస్తామన్నారు, ఉండడానికీ తినడానికీ మాత్రం అక్కడ ముందునుంచీ కాపురమున్నవాళ్ళకే అన్నారు, అంటే చదువు చెప్పడం నేర్పిస్తారు గానీ నేర్చుకున్నన్నాళ్ళు గాలి భోంచెయ్యాలి. ఊళ్ళో అప్పులిచ్చే క్రెడిట్ యూనియన్‌లో కౌంటర్ వెనక ఉన్న ప్రోంషియస్ నాకంటే చిన్న క్లాసు, ఒకప్పుడు నా జడ పట్టుకు లాగి ఏడిపించినవాడు, ఇప్పుడు మొహం చర్చిలో పెట్టినట్టు పెట్టి, "ఏడాది పాటు జీతం ఉండదు కదా ఊనా, హామీ ఉండేవాళ్ళెవరైనా ఉంటే చూడు," అన్నాడు. హామీ ఉండేవాళ్ళుంటే ఇతన్ని చూడ్డానికెందుకొస్తాను. పదిహేనేళ్ళ పైబడి ఒకే స్కూల్లో సహాయకురాలిని, ప్రత్యేక సాయం కావాల్సిన పిల్లల పక్కన చిన్న కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూచునే ఉద్యోగం, టీచర్లో టీ వరకే నాది, పెట్టేదాన్ని, మిగతాది అవతలి మనిషిది. రాత్రుళ్ళు వంటింటి బల్ల మీద డిగ్రీ చదివాను, గణితం, ఇంత ముదురు వయసులో గణితమేమిటే అని అడిగినవాళ్ళకి, కలపడాలూ తీసెయ్యడాలూ జీవితంలో అయిపోయాయి, ఇప్పుడు కాగితం మీద చూద్దామని అన్నాను. నిజానికి ఒక పిల్ల. దానికి భిన్నాలు ఎక్కలేదు, సోడా రొట్టె ముక్కలు కోసి దాని ముందు పెట్టి అరగంట కూచున్నాను, ఒక్కసారిగా దాని మొహంలో ఏదో వెలిగింది, సగంలో సగం అంటూ రొట్టె తినడం మర్చిపోయింది. క్లాసు టీచర్ కుర్రది, చక్కని పిల్ల, మనస్ఫూర్తిగానే అంది, "నువ్వు టీచరయి ఉండాల్సింది ఊనా." ఉండాల్సింది. బతికున్న మనిషి గురించి అలా అంటారా, అది ఇక్కడ, ఈ క్యూలో అనుకోవాల్సిన మాట కదా. తర్వాత, పిల్లని బాత్రూంకి తీసుకెళ్ళమంది. తీసుకెళ్ళాను. చేతులు కడిగిస్తూ అనుకున్నాను, అవుతాను అని.

"బండి ఎక్కడ పెట్టావు?" అంటాడు జార్లత్.

"రోడ్డు మీద."

"చర్చి దగ్గర పెట్టాల్సింది. ఇక్కడ పెడితే గీతలు పడతాయి."

"పడనీ."

అందరూ నాకు ఇవాళ 'ల్సింది'లు చెబుతున్నారు. గుమ్మం కనిపిస్తోంది ఇప్పుడు, మా ముందర ఇద్దరు ముసలమ్మలు వంటింట్లో శాండ్‌విచ్‌లు ఏ రకమో ఆరా తీస్తున్నారు. కోడిగుడ్డు, ఉల్లిపాయవి ఉన్నాయట, పందిమాంసం హామ్‌వి ఉన్నాయట. హామీ దొరకలేదు గానీ హామ్ దొరికింది. పక్క జిల్లా లాంగ్‌ఫర్డ్ నుంచి వంటవాళ్ళని పిలిపించిందట కన్సెప్టా, మర్ట్‌కి ఉన్న ఒక్క అక్క, అద్దె కప్పులూ సాసర్లూ వ్యాన్లో దించారట, పెట్టె ఓక్ కర్రట, ఇత్తడి పిడులట. మర్ట్ అన్నం తిన్న పళ్ళెం అంచు పగిలి ఉండేది, అతనికి ఇత్తడి అంటే కొట్టంలో గడియే. ఈ ఓక్ కర్ర, ఈ కేకు ముక్కలు, వరండాలో వెలుగుతున్న ఈ కొత్త దీపం, వీటికి డబ్బు ఎక్కడిది అనే ప్రశ్నని నేను నోట్లోంచి లోపలికి తోస్తున్నాను, అది ముక్కులోంచి వస్తోంది. నా చదువు ఇవాళ ముక్కలు ముక్కలుగా కోసి, పార్స్‌లీ ఆకు పెట్టి, ఊరందరికీ పంచుతున్నారేమో, సగంలో సగం, దానిలో సగం. లేకపోవచ్చు. కన్సెప్టాకి సొంత డబ్బుంది, భర్త పబ్ నడిపి పోయాడు, లాంగ్‌ఫర్డ్‌లో దాహానికి లోటు లేదు.

ఆ సాయంత్రం. జులైలో, గడ్డి కోతకి ముందు. పశువుల సంత నుంచి అతన్ని దింపుతూ కార్లో చెప్పాను, చెప్పడం కాదు, జల్లాను, కోళ్ళకి గింజలు జల్లినట్టు, వేల్స్‌లో ఏదో ఉందట, సీటొచ్చిందట, డబ్బు సంగతి చూడాలట, అన్నీ 'ట'లే, ఎవరో ఇంకొకరి సంగతి చెబుతున్నట్టు. మా దగ్గర అడగడం ఉండదు. గాలికి చెప్పాలి, విన్నవాడు విననట్టు ఉండాలి, వారం తర్వాత వేరే పని మీద పిలవాలి. అతను కిటికీ అద్దంలోంచి ఎదురుపొలం గొర్రెల్ని చూస్తూ, "వేల్స్‌లో గొర్రెలెక్కువ," అన్నాడు, అంతే. వారం తర్వాత ఒక సాయంత్రం, కోడి ఒకటి మేత తినడంలేదు వచ్చి చూసిపో అని కబురు. వెళ్ళాను. కోడి బ్రహ్మాండంగా తింటోంది. అతను టీ పెట్టాడు, కుర్చీ దులిపాడు, తర్వాత ఎక్కడినుంచో ఆ పొట్లం తీసి బల్ల మీద పెట్టి, నా వైపు చూడకుండా, టీ కేటిల్‌తో మాట్లాడుతున్నట్టు, "ఇది అక్కడ ఉంచుకో పిల్లా, ఖర్చులకి," అన్నాడు.

మొహమాటం అనే మాట ఎవరు కనిపెట్టారో గానీ మా జిల్లావాళ్ళనే చూసి కనిపెట్టుంటారు, మొహం ఒక మాటంటుంది, నోరు ఒక మాటంటుంది. ఇచ్చేదానికీ పుచ్చుకునేదానికీ మాకు పద్ధతుంది. మొదటిసారి వద్దనాలి, అది పెంపకం. రెండోసారీ వద్దనాలి, అది ఆకలి కనబడకుండా. మూడోసారి, అయ్యో నీకెందుకీ శ్రమ అంటూ తీసుకోవాలి, అది ఆకలి. ఇచ్చేవాడికీ పద్ధతే, నిజంగా ఇవ్వదలుచుకున్నవాడు మూడుసార్లు అంటాడు, ఒక్కసారే అని ఊరుకున్నవాడిది ఉత్తి మాట, ఆ తేడా చంటిపిల్లలకి కూడా తెలుసు. అందుకే నేను, "ఛ, అదేం పని మర్ట్, నీకుండనీ," అన్నాను. అతను టీ పోశాడు. పాలు కలిపాడు. పొట్లాన్ని నా వైపు ఒక వేలంత జరిపి, "నేనేం చేసుకుంటాను, తీసుకో," అన్నాడు. "తీసుకోను, మర్ట్, నీ కష్టం నీది," అన్నాను, అంటూ ఒళ్ళో ఉన్న చేతులు పైకి లేవబోతుంటే పట్టి ఉంచాను, ఇంకొక్కసారి, ఇంకొక్క మాట, అతను నోరు తెరిచాడు, నిజంగా తెరిచాడు, మీసం మీద టీ చుక్క ఉంది, పెదవి కదిలింది, తలుపు తెరుచుకుని జార్లత్ వచ్చాడు.

బ్యాటరీ డౌనయిందట. కేబుళ్ళు కావాలట. ఇంటి తలుపు తట్టి రావడమనేది మా దగ్గర పోలీసులకే ఉంది. మర్ట్ చెయ్యి పొట్లం మీద పడింది, పొట్లం బల్ల కిందికి పోయింది, నేను కోళ్ళని చూశాను. జార్లత్ కేబుళ్ళ కోసం వచ్చినవాడు టీకి కూచున్నాడు, అతనికీ పద్ధతి తెలుసు, రెండుసార్లు వద్దని మూడోసారి కూచున్నాడు, అతన్ని మూడుసార్లూ అడిగింది మర్టే. నా కళ్ళముందు. నా మూడోసారి జార్లత్ కప్పులోకి పోయింది, రెండు చెంచాల చక్కెరతో. తర్వాత ఫుట్‌బాల్ మాట్లాడాడు, లీట్రిమ్ ఎందుకు గెలవదో గంటన్నర చెప్పాడు. అది చెప్పడానికి అంత సేపు అక్కర్లేదు.

ఆ తర్వాత మళ్ళీ వెళ్ళలేదా అని ఎవరైనా అడుగుతారు, వేల్స్‌వాళ్ళయితే అడుగుతారు, వెళ్ళాను, రోజు విడిచి రోజు వెళ్ళాను, కోళ్ళకి మేత, అతనికి మందులు, కిటికీలు తుడవడానికి పేపర్లు. మర్ట్ ఆ మాట ఎత్తలేదు. నేనెలా ఎత్తను. రెండుసార్లు వద్దన్నాను కదా, మూడోది అతని వంతు, అతనికి సందర్భం కుదరాలి, మళ్ళీ ఏ కోడికో జబ్బు చెయ్యాలి. ఒకరోజు మందుల సీసా బల్ల మీద పెడుతుంటే అతను గొంతు సవరించుకున్నాడు, నేను కదలకుండా నిలబడ్డాను, గొంతులో కఫమట. అతను నన్ను గురించి ఏమనుకున్నాడో. నిజంగానే వద్దనుకుందని అనుకున్నాడా, బతిమాలితే చిన్నబుచ్చినట్టవుతుందని అనుకున్నాడా, గడ్డి కోత అయ్యాక చూద్దాంలే అనుకున్నాడా. గడ్డి సగం కోసి ఉంది ఇప్పటికీ. నా పేరులో మొదటి అక్షరమే ఊ, ఊనా, మా అమ్మ ఏదో పుణ్యాత్మురాలి పేరని పెట్టింది, తీరా ఊ అనాల్సిన చోట నా నోట్లో ఆ అక్షరమే లేదు.

వేల్స్ ఇంటర్వ్యూకి పడవ మీద వెళ్ళినప్పుడు రాత్రంతా వాంతులు, పొద్దున్న వాళ్ళ ఆఫీసులో ఒక ప్రొఫెసరు, ఎర్రటి చెవుల పెద్దమనిషి, కాఫీ తాగుతారా అన్నాడు. వద్దండీ, ఫర్వాలేదు అన్నాను. అతను తనొక్కడికి పోసుకుని కూచున్నాడు. రెండోసారి అడుగుతాడని కప్పుల వైపు చూశాను, అతను నా ఫైలు వైపు చూశాడు. గొంతెండిపోయి గంటసేపు భిన్నాల గురించి మాట్లాడాను, నవ్వించాను కూడా, బయటికొచ్చి వరండాలో కుళాయి కింద నోరు పెట్టి తాగాను. అప్పుడు కోపమొచ్చింది, ఏం మనుషులు వీళ్ళు, మర్యాద లేదు అని. ఇప్పుడనిపిస్తోంది, ఆ ఊళ్ళో మనిషి కావాలన్నది కావాలనే అంటాడు, వద్దన్నది వద్దనే అంటాడు, ఎంత సుఖం, దాహమేసినవాడికి మొదటి మాటకే నీళ్ళు. అలాంటి ఊరికి పోవడానికి కావాల్సిన డబ్బు నేను ఇలాంటి ఊళ్ళో అడక్కుండా సంపాదించాలి.

గుమ్మం దాటాం. కొత్త చాప, కొత్త పెయింటు వాసన, దానికింద పాత పొగ వాసన ఇంకా చావలేదు. నడవాలో గోడకి ఒరుసుకుంటూ నిలబడ్డాం, ముందుగది తలుపులోంచి పెట్టె కాళ్ళవైపు కొస కనబడుతోంది, బూట్లు వేశారో లేదో, కన్సెప్టా కుడిచెయ్యి మాత్రం కనబడుతోంది, వచ్చే ప్రతి చేతినీ పట్టుకుంటోంది, రెండుసార్లు ఊపుతోంది, వదిలేస్తోంది. ఆ రెండు ఊపుల మధ్యే నా ఏడాది పట్టాలి. మీకొచ్చిన కష్టానికి బాధగా ఉంది కన్సెప్టా, నాకొచ్చిన కష్టం కూడా మీ అరలోనే ఉంది. ఇలా అంటే ఎలా ఉంటుంది. మర్ట్ నాకొకటి ఇస్తానన్నాడు. ఇస్తానన్నాడు కాదు, ఇచ్చాడు, నేను తీసుకోలేదు. తీసుకోలేదు కాదు, తీసుకుంటున్నాను, మధ్యలో జార్లత్ వచ్చాడు. ఇన్ని ముక్కలు ఒక చెయ్యి ఊపులో పట్టవు. గాలికి చెప్పాలి. గదిలో గాలే లేదు, లిల్లీ పూల వాసనా, ముసలివాళ్ళ కోట్ల తడి వాసనా. ముందున్న ఇద్దరు ముసలమ్మలు లోపలికెళ్ళారు, మీకొచ్చిన కష్టానికి, మీకొచ్చిన కష్టానికి, పక్కనున్న బంధువులు, లాంగ్‌ఫర్డ్ మొహాలు, తలలూపుతున్నారు. వెనక జార్లత్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, అతని ఊపిరి నా మెడ మీద.

కన్సెప్టా మర్ట్‌లాగే ఉంది, దువ్విన మర్ట్. నా చెయ్యి పట్టుకుంది. "మీకొచ్చిన కష్టానికి బాధగా ఉంది," అన్నాను, నోరు దానంతట అదే అంది.

"ఊనావి కదూ నువ్వు. వాడి కోళ్ళని చూసుకున్న పిల్లవి," అంది, చెయ్యి ఒకసారి ఊపింది. "నీ గురించి చెప్పాడు ఫోన్లో. నీ చదువుకేదో సాయం చేద్దామనుకున్నాడట, నువ్వు వద్దన్నావట. 'రెండుసార్లు అడిగాను, పౌరుషం గల మనిషి, మళ్ళీ అడిగితే బాధపడుతుంది' అన్నాడు వాడు."

అయితే నిజంగానే వద్దన్నాననుకున్నాడు. కోడి కాదు, గొంతులో కఫం కాదు, గడ్డి కోత కాదు. నా పౌరుషానికి దండం పెట్టి ఊరుకున్నాడు. నాకు పౌరుషముందని ఈ భూమ్మీద నమ్మిన ఒకే ఒక మనిషి.

"నీ మేలు మర్చిపోం తల్లీ," అంది కన్సెప్టా, చెయ్యి రెండోసారి ఊపుతూ, వదలడానికి వేళ్ళు అప్పుడే సడలుతుండగా, "నీకెప్పుడేం కావాలన్నా అడుగు, మొహమాటపడకు."

ఒక్కసారి. ఒక్కసారే అంది. ఈ గదిలో ఉన్న ప్రతి మనిషికీ తెలుసు అదేమిటో, నాకూ తెలుసు, పుట్టినప్పటినుంచీ తెలుసు, ఆ మాటకి అయ్యో ఏం వద్దండీ అని తల వంచుకుని పక్కకి జరగాలి. నా కాళ్ళు జరగడానికి సిద్ధంగానే ఉన్నాయి, నోరే ఎందుకో వేల్స్ వెళ్ళిపోయింది ముందుగా.

"కావాలి," అన్నాను.

ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"ఏం కావాలి?"

"మర్ట్ ఇద్దామనుకున్న డబ్బు. దాణా సంచిలో చుట్టి పెట్టాడు, నీలం తాడు కట్టి. శుక్రవారం లోపు కావాలి, లేకపోతే గది పోతుంది."

లాంగ్‌ఫర్డ్ మొహాలన్నీ ఇటు తిరిగాయి. వంటింట్లో సాసరు మీద కప్పు పెట్టిన చప్పుడు, తర్వాత ఇంకో కప్పు పెట్టలేదెవరూ. వెనక జార్లత్ ఊపిరి నా మెడ మీద ఆగింది, అతనికి ఇప్పుడర్థమవుతుందో, రెండడుగులు కదిలాకో. తిట్టదామె, తిట్టే మనిషి కాదు, చెయ్యి కూడా వెంటనే లాక్కోలేదు, చిన్నపిల్లకి చెప్పినట్టు, జాలిగా, ఇటు వంగి గొంతు తగ్గించి అంది.

"అది అందరికీ అంటాం తల్లీ."

"తెలుసండి."

"తెలిసి..." అని, మిగతా మాట మింగేసింది, మింగడం కూడా మర్యాదే. "వాడి డబ్బు సంగతులు వకీలు చూస్తాడు. అన్నీ తేలేసరికి చలికాలమవుతుంది. ఇది ఇక్కడ మాట్లాడుకునేది కాదు." అప్పుడు చెయ్యి తీసుకుంది. నా భుజం మీదుగా చూసి, "వచ్చినందుకు సంతోషం జార్లత్, నువ్వు చేసినది ఎవరూ చెయ్యరు," అంది. మీకొచ్చిన కష్టానికి బాధగా ఉందన్నాడు జార్లత్, కానీ నా వీపు వైపు చూస్తూ అన్నాడని నాకు తెలుసు.

ఇంకో అడుగు. పెట్టె. పాపిడి తీశారు, నేననుకున్నట్టే, తప్పు వైపు తీశారు. చేతుల చుట్టూ జపమాల చుట్టారు, గోళ్ళల్లో మట్టి మాత్రం ఎవరికీ పోలేదు. ఎందుకడగలేదు మర్ట్, మూడోసారి. ఒక్క మాట, టీ కేటిల్‌కి చెప్పినట్టు చెప్పినా సరిపోయేది. నేనెందుకు అనలేదో నన్నడగకు, నీ బల్ల దగ్గర పెరిగినదాన్ని, నువ్వూ అదే అనేవాడివి. వంటింట్లోకి ఇప్పటికే చేరిపోయి ఉంటుంది మాట, అక్కడినుంచి వెనక తలుపులోంచి పెరట్లోకి, పెరట్లోంచి క్యూ కొసదాకా, నేను గేటు దగ్గరికి చేరేసరికి అందరికీ తెలిసిపోతుంది, శవం ముందర డబ్బడిగింది ఊనా అని. చలికాలం వచ్చాక, వేల్స్ గది పోయాక, మళ్ళీ చిన్న కుర్చీలో మోకాళ్ళు మడుచుకుని కూచున్నాక, నేను దాటిపోయే ప్రతి గుమ్మంలో మాటలు తగ్గుతాయి. వేల్స్ సంగతి ఎవరికీ గుర్తుండదు. మూడుసార్లు అడగాల్సినవాడు రెండుసార్లే అడిగాడన్నది ఎవరూ అనరు.

పెట్టె ముందర వెల్వెట్ గుడ్డ కప్పిన చిన్న పీట ఉంది, మోకాళ్ళమీద కూచోడానికి, ఎక్కువమంది దానివైపు చూడకుండా దాటిపోతున్నారు, నడుములు సహకరించవు. నేను మోకరించాను. చేతులు జోడించాను. ప్రార్థనేం లేదు, ఒక్క ముక్క కూడా నోటికి రావడంలేదు, కళ్ళు మూసుకుని కూచున్నాను, వెనక క్యూ ఆగింది, నడవాలో ఆగింది, కొట్టం గోడ వెంట, గేటు దాటి రోడ్డు మీద, తడి నల్లకోట్లన్నీ ఆగిపోయాయి, ఎవరో దగ్గారు, ఎవరో కాళ్ళు మార్చుకున్నారు, కన్సెప్టా చెయ్యి గాల్లో ఖాళీగా ఉండి ఉంటుంది. శుక్రవారం దాకా కూచుంటాను కావాలంటే. లేవమని ఎవరూ అనరు. ప్రార్థించుకుంటున్న మనిషిని లేవమనడం మా దగ్గర మర్యాద కాదు.